ర్యాంపు మలుపులో చప్పుడు

"తొక్కు" అన్నాడు కిరణ్, ఎడమవైపు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని. తొక్కాను. ఇంజిన్ ఆపి ఉంటే బ్రేకు రెండు మూడు తొక్కుళ్లకే రాయిలా బిగుసుకుపోతుంది, పాదం కింద ఇక ఏదీ కదలదు, అయినా తొక్కి పట్టుకునే ఉండాలి. చక్రం మధ్యనున్న పెద్ద నట్టు ఊడాలంటే చక్రం తిరగకూడదు, చక్రం తిరగకూడదంటే లోపల ఎవరో ఒకరు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోవాలి, ఆ ఎవరో ఒకరు ఇవాళ నేను. నిన్న సాయంత్రం కుడివైపు యాక్సిల్ మార్చినప్పుడు వాచ్‌మన్ రాజయ్య కూర్చున్నాడు. జన్మలో మొదటిసారి డ్రైవర్ సీట్లో కూర్చున్నానని పొద్దున పాలు తేవడానికి దిగితే నాకు చెప్పి మురిసిపోయాడు. ఇవాళ అతనికి గేటు దగ్గర నీళ్ల ట్యాంకర్లతో సరిపోయింది, అందుకని నేను. భార్యని కాబట్టి కాదు, ఖాళీగా ఉన్నాను కాబట్టి. ఎడమ కిటికీలోంచి చూస్తే కిరణ్ కనబడడు. పానా రాడ్డుకి తొడిగిన ఇనప పైపు కొస మాత్రం కనబడుతుంది, పైకి లేచి, ఆగి, వణికి, మళ్లీ దిగుతుంది. ఆ పైపు బాలానగర్‌లో వాళ్ల నాన్న పనిచేసిన షెడ్డుకి పోయి కొలిచి కోయించుకొచ్చాడు. నాన్న జ్ఞానప్రకాశం గారు ఇప్పుడు లేరు, ఆయన పానాల పెట్టె ఉంది. నట్టు రాలేదు. "ఇడువు" అన్నాడు. వదిలాను.

సోమవారం పొద్దున ఈ కారులో నేను వైజాగ్ వెళ్లిపోతున్నాను, ఒక్కదాన్నే. ఆఫీసులో అడిగి బదిలీ చేయించుకున్నాను. మెదక్‌లో ఉన్న మా అత్తగారు సువార్తమ్మకి మాత్రం ఆరు నెలల ప్రాజెక్టు అని చెప్పాం. మాలో మేం ఏం చెప్పుకున్నామంటే పెద్దగా ఏమీ లేదు. "నాకిలా ఉండాలని లేదు కిరణ్" అన్నాను ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ. "నీకెట్ల మంచిగనిపిస్తే అట్ల జెయ్" అన్నాడతను, ముందున్న కాంక్రీటు లారీ మీంచి చూపు తిప్పకుండా. ఎనిమిదేళ్ల కాపురం ఆ రెండు మాటల్లో సర్దుకుంది. తిరిగొస్తావా అని అతను అడగలేదు, వస్తానని నేను అనలేదు, ఆ మాట జోలికి పోకుండా ఇద్దరం చాలా జాగ్రత్తగా మసలుకుంటున్నాం. విడిగా ఉందామనుకున్నాక మా మధ్య మర్యాద పెరిగింది. గీజర్ వేసి ఉంచనా అని అడుగుతున్నాడు. ఫ్యాను తగ్గించనా అని అడుగుతున్నాను. కారు నువ్వే తీస్కపో, నాకు ఆఫీసు క్యాబ్ వస్తది గదా అన్నాడు, సరే అన్నాను. అయితే ఆ యాక్సిళ్లతోని హైవే ఎక్కొద్దు, నువ్వు పోయేలోపు మారుస్త అన్నాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఏడాదిగా మార్చు మార్చు అని మొత్తుకున్నదాన్ని, వెళ్లిపోతున్నానంటే మారుస్తాడట.

యాక్సిల్ అంటే ఇంజిన్ బలాన్ని ముందు చక్రానికి మోసుకెళ్లే కడ్డీ. దాని చివర రబ్బరు బూటు లోపల, గ్రీజులో మునిగి ఉక్కు గోళీలుంటాయి, చక్రం ఎటు ఒరిగినా కడ్డీ తిరుగుతూనే ఉండేది ఆ గోళీల వల్లే. ఇదంతా కిరణ్ చెప్పిందే. అవి అరిగితే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడల్లా టకటకమంటుంది. మా కారు ఏడాదిగా టకటకమంటోంది. ఈ ఊళ్లో కూడళ్లన్నీ మూసేసి యూటర్న్‌లు పెట్టారు కదా, ఆఫీసు రోడ్డుకి అవతలే కనబడుతూ ఉంటుంది, దాన్ని దాటిపోయి, ఎక్కడో మెట్రో స్తంభం దగ్గర తిరిగి, మళ్లీ వెనక్కి రావాలి. పుప్పాలగూడ నుంచి హైటెక్ సిటీకి పోయి వచ్చేసరికి స్టీరింగ్‌ని ఎన్నిసార్లు కుడికి చివరిదాకా కొడతానో, బరువంతా ఎడమ చక్రం గోళీల మీదే. "నీ యూటర్న్‌లే తినేసినయ్ దీన్ని" అన్నాడు కిరణ్ మొదట్లో, నవ్వుతూ. నవ్వుతూ అన్నాడని ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో. మా అపార్ట్‌మెంట్ సెల్లార్లోకి దిగే ర్యాంపు మలుపు మరీ ఇరుకు, అక్కడ అన్నిచోట్లకన్నా గట్టిగా మోగేది, గోడలకి తగిలి రెండింతలయ్యేది, నేను సిగ్గుతో కిటికీ అద్దాలు ఎక్కించుకునేదాన్ని. నాలుగో అంతస్తులో మా వంటింటి బాల్కనీ సరిగ్గా ఆ ర్యాంపు మీదికే ఉంటుంది, ఆరేసిన బట్టలన్నీ పొగ వాసన. ఇల్లు కొన్నప్పుడు అది చూసుకోలేదు. బాగు చేయించు అంటే చేద్దాం అనేవాడు. నేనే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తానంటే వద్దనేవాడు, వాళ్లు పాతదే కడిగి పెడతరు, నేనే జేస్త అనేవాడు. నెలకోసారి మాత్రం టార్చి పట్టుకుని కిందికి దూరి బూటు చినిగిందేమో చూసేవాడు, గ్రీజు ఎక్కించేవాడు, సిటీల తిరగనీకి ఏం ఫికర్ లేదు అని దుమ్ము దులుపుకుంటూ లేచేవాడు. చూడ్డానికి తీరికుంది, మార్చడానికి లేదు. మనిషి నన్ను పట్టించుకోవడం మానేశాడనడానికి వేరే రుజువెందుకు, రోజూ ఇంటికొస్తూ ర్యాంపు మీద నాకు వినబడింది అదే.

"తొక్కు. గట్టిగ." తొక్కాను. పిక్క నొప్పి పుడుతోంది. పైపు కొస పైకి లేచింది, వణికింది, ఈసారి కిర్రుమని ఒక మూలుగు, ఆ మూలుగు బ్రేకు గుండా నా అరికాల్లోకి వచ్చింది, పైపు ఒక్కసారిగా కిందికి పడిపోయింది. "వచ్చింది" అన్నాడు. నాతో అన్నాడో నట్టుతో అన్నాడో తెలీదు. వదలమని చెప్పలేదు కాబట్టి నేనింకా తొక్కుతూనే ఉన్నాను. చెప్పింది చెప్పినట్టు చేయడం ఎంత హాయిగా ఉందో. తొక్కు, వదులు. ఈ ఎనిమిదేళ్లలో ఇంత తేటగా మేమిద్దరం ఎప్పుడైనా మాట్లాడుకున్నామా.

ఇంతకీ మేం పోట్లాడుకోలేదు. పోట్లాడుకుని ఉంటే చెప్పడానికి ఏదో ఒకటి ఉండేది, మా అమ్మకైనా. పగలు నాది, రాత్రి అతనిది, అంతే జరిగింది. నా ఉద్యోగం ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం, అతని ఉద్యోగం అమెరికా బ్యాంకు ఒకదాని కంప్యూటర్లకి రాత్రంతా కాపలా కాయడం. నేను లేచేసరికి అతను వచ్చి పడుకునేవాడు, నేను వచ్చేసరికి అతను బయల్దేరేవాడు, మధ్యలో ఒక టీ. ఆ టీ ఒక్కటే మా కాపురం. అల్లం ఎక్కువ వేస్తాడు. నానక్‌రామ్‌గూడ దగ్గర వానకి గంటలకొద్దీ ఇరుక్కుపోయిన రోజునా, తలనొప్పని మధ్యాహ్నమే వచ్చేసిన రోజునా, నేను తలుపు తీసేసరికి టీ పొగలు కక్కుతూ ఉండేది. అతనికది టీ వేళ, నాకూ ఒక కప్పు పోసేవాడు, అనుకునేదాన్ని. నిలబడి తాగేవాళ్లం. ట్రాఫిక్ ఎట్లుంది అనేవాడు. ఎప్పట్లాగే అనేదాన్ని. కప్పు కడిగి బోర్లించేసరికి కింద క్యాబ్ డ్రైవర్ ఫోను. శనాదివారాలు ఎక్కువగా అతను నిద్రపోయేవాడు, నేను చర్చికో కూరగాయలకో పోయేదాన్ని. ఒకరోజు అద్దంలో చూసుకుంటూ, నేను వారం రోజులు ఈ ఇంట్లో కనబడకపోతే ఇతనికి తెలియడానికి ఎన్నాళ్లు పడుతుంది అనుకున్నాను. చాలా మామూలుగా అనుకున్నాను, బియ్యం ఎన్నాళ్లొస్తాయో అనుకున్నట్టు. ఆ మామూలుతనానికే భయం వేసి బదిలీకి పెట్టుకున్నాను.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఫస్ట్ ఫ్లోర్ భీమేశ్వరరావు గారు, మా అసోసియేషన్ సెక్రటరీ, రిటైరైన లెక్చరర్. సెల్లార్ స్తంభాల మీద బోర్డులన్నీ ఆయన రాయించినవే, ఇచట కార్లు కడగరాదు, మరమ్మతులు చేయరాదు, హారన్ మోగించరాదు. ఆ చివరి బోర్డుకి ఎర్ర రంగు కూడా వేయించారు. చేతులు వెనక్కి కట్టుకుని కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి నా కిటికీ దగ్గర ఆగారు. "ఏమ్మా మెర్సీ, మీటింగులో అందరం అనుకున్నాం కదమ్మా, సెల్లార్లో రిపేర్లు వద్దని. నూనె మరక పడితే ఇక పోదమ్మా అది."

"అట్టలు పరిచాం అంకుల్. మీరు తొక్కుతున్నది మా అట్టే."

ఆయన చటుక్కున కాలు తీశారు. కిరణ్ చేతిలో పానాతో లేచి నిలబడ్డాడు. "ఒక్క గంటల అయిపోతది సార్."

"గంటంటే గంటేనాండీ? సరే. మరి ఆ టకటకా శబ్దం పోతుందాండీ దీంతో?"

"పోతది సార్."

"అయితే కానివ్వండి, కానివ్వండి. మీ ఆవిడ ర్యాంపు దిగుతున్నారంటే మా హాల్లోకి తెలుస్తుందండీ. అదిగో మెర్సీ వచ్చింది అని మా ఆవిడ టీవీ సౌండు పెంచుతుంది." ఆయన తన మాటకి తనే నవ్వుకుని, అట్టని దాటుకుని, మెట్లవైపు పోయారు. కిరణ్ నవ్వలేదు. పానా వైపు చూసుకున్నాడు. మొహాన చెమట, చెంప మీద గ్రీజు గీత. తుడుచుకో అనబోయి మానేశాను. ఇంకో రెండు రోజుల్లో ఆ చెంప నాకు సంబంధించింది కాదు.

బండి జాకీ మీదికి ఎత్తేటప్పుడు దిగమన్నాడు. కారు పైకి లేచి ఉండగా లోపల కూర్చోవద్దన్నాడు. దిగి ఎదురుగా గోడవారనున్న ఖాళీ పెయింటు డబ్బా మీద కూర్చున్నాను. చక్రం తీశాడు, కింద స్టాండు పెట్టాడు, చేత్తో కారుని ఊపి చూశాడు, మళ్లీ ఊపాడు, అప్పుడు వెల్లకిలా పడుకుని నడుందాకా లోపలికి జరిగాడు. ఇప్పుడు నాకు రెండు కాళ్లు కనబడుతున్నాయి, అరిగిన హవాయి చెప్పులు, పైకి లేచిపోయిన టీషర్టు. ఆ టీషర్టు నాది, మా కంపెనీ పదేళ్ల పండక్కి ఇచ్చింది. ఎప్పుడు తీసుకున్నాడో. దూరంగా ఎక్కడో సైరన్ మోగి, తర్వాత నేల అడుగునుంచి గుమ్మని ఒక అదురు వచ్చింది, బండలు పేలుస్తున్నారు. పెళ్లైన కొత్తలో ఈ పుప్పాలగూడలోనే అద్దెకున్నాం, కిటికీ తీస్తే ఎదురుగా పెద్ద బండరాళ్ల గుట్ట, సాయంత్రాలు దాని మీదికి నెమళ్లు వచ్చేవి. మధ్యాహ్నం పేలుళ్లకి గిన్నెలు గలగలమంటే కిరణ్ నా చెవులు మూసేవాడు, తన చెవులు మూసుకోకుండా. ఇప్పుడు గుట్ట లేదు. గుట్ట ఉన్నచోట ఉన్న టవర్ మీద రాత్రుళ్లు ఎర్ర దీపం వెలిగి ఆరుతుంది. కారు కొన్నప్పుడు మెదక్ తీసుకెళ్లాం. చర్చి ఆవరణలో పాస్టర్ గారు బానెట్ మీద బొటనవేలితో నూనె రాసి ప్రార్థన చేశారు. అది చాలక మా అత్తగారు ఒక్కో చక్రం దగ్గర ఆగి విడివిడిగా ప్రార్థన చేసింది, డిక్కీ తెరిపించి స్టెప్నీకి కూడా చేసింది. "ఇన్సూరెన్సు దండగైంది" అన్నాడు కిరణ్ నా చెవిలో. నవ్వాపుకోలేక దగ్గు నటించాను, ఆమె నాకు నీళ్లు తెప్పించింది. వెనకద్దానికి ఆమె అంటించిన బైబిల్ వాక్యం స్టిక్కరు సగం చిరిగిపోయింది, ఇప్పుడు చదవడానికి ఆమేన్ ఒక్కటే మిగిలింది.

అనుకుంటూ ఉండగానే ఆమె ఫోను. స్పీకర్ పెట్టాను, చేతులకి ఏదో అంటుకుని ఉంది.

"కిరణ్‌గాడు ఫోనెత్తుతలేడేంది బిడ్డా?"

"కారు కింద ఉన్నాడత్తయ్యా."

"మంచిగ జేస్తుండా? గంత దూరం ఒక్కదానివే పోవుడేంది బిడ్డా, ఆన్ని తోలుకపోరాదు?"

"తనకి సెలవు లేదత్తయ్యా."

"ఏం సెలవులో ఏమో. పోయేముందు బండికాడ నిలవడి ఇద్దరు ప్రార్థన జేసుకోండ్రి. మల్ల ఎప్పుడొస్తవ్ బిడ్డా? క్రిస్మస్‌కన్న వస్తవా?"

కారు కింద సుత్తి చప్పుడు ఆగింది. హవాయి చెప్పులు రెండూ కదలకుండా ఉన్నాయి. ఒక చెప్పు మడమ దగ్గర అరిగి చిల్లు పడింది. ఎవరైనా ఎవరినైనా అడిగే మామూలు మాట అది, ఎప్పుడొస్తావని. మా ఇద్దరి మధ్య ఇన్నాళ్లుగా ఎవరూ ఎత్తని మాటని ఆమె మెదక్‌లో ఏ చిక్కుళ్ల ఈనెలో తీస్తూ అడిగేసింది. "సెల్లార్లో సిగ్నల్ సరిగా లేదత్తయ్యా, పైకెళ్లి చేస్తాను" అని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది. కొంచెం సేపటికి సుత్తి మళ్లీ మోగింది. ఈసారి దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం ఎక్కువుంది.

యాక్సిల్ బయటికొచ్చింది. అతను దాన్ని రెండు చేతులా పట్టుకుని కింద నుంచి జరుగుతూ వచ్చాడు, వెనకే గేర్ ఆయిల్ చుక్కలు అట్ట మీద. నల్లగా, అనుకున్నదానికన్నా చిన్నగా ఉంది. ఏడాదిగా నా ప్రాణం తీసింది ఇంతేనా. "పట్టి చూడు" అని నా ఒళ్లో పెట్టబోయి, బట్టలకంటుతుందని చూసి, పాత గుడ్డ పరిచి పెట్టాడు. చివరనున్న గిన్నెలాంటి దాన్ని తిప్పి చూశాను. తిరిగింది, ఆగింది, నా అరచేతిలో టక్కుమంది. ఇంకోసారి తిప్పాను. టక్. ర్యాంపు మీద అంత మోత మోగేది చేతిలో ఎంత చిన్నగా ఉందో. "బాగా అరిగింది" అన్నాను. "ఊఁ" అన్నాడు. కొత్త యాక్సిల్‌ని అట్టపెట్టెలోంచి తీసి, గుడ్డతో తుడిచి, లోపలికి తీసుకుపోయాడు. పాతదాన్ని మాత్రం చెత్తడబ్బాలో పడెయ్యలేదు, గోడకి ఆనించి నిలబెట్టాడు. ఇతనితో ఇదే, ఏదీ పారెయ్యడు, ఏదీ చెప్పడు. ఇంత ఓపిగ్గా ఇనుముతో మాట్లాడే మనిషి నాతో ఎందుకు మాట్లాడలేకపోయాడు అని కోపంగా అనుకున్నాను. నేనేం మాట్లాడానని కూడా అనుకున్నాను, కానీ అది అంత గట్టిగా అనుకోలేదు.

చక్రం బిగించి బండి దించాక "ఎక్కు" అన్నాడు. ఎక్కాను. "ఈసారి జర ఎక్కువసేపు తొక్కాలె, నేను చెప్పేదాంక ఇడువకు." తొక్కాను. పైపు మీద అతను రెండు చేతులూ వేసి, చాలక, నిలబడి ఒక కాలు వేసి తొక్కాడు, ఇప్పుడు కిటికీలో నడుందాకా కనబడుతున్నాడు. ఇంకా. ఇంకా. నేను లోపల తొక్కుతున్నాను, అతను బయట తొక్కుతున్నాడు, మధ్యలో ఆ నట్టు బిగుసుకుంటోంది. ఇది సరిగ్గా బిగియకపోతే అన్నవరం దాటాక ఎక్కడో చక్రం ఊగుతుంది, ఆ సంగతి అతనికి తెలుసు, అందుకే మొహంలో నరాలు ఉబ్బుతున్నాయి. వెళ్లిపోయే మనిషి కోసం ఇంత బిగించడమెందుకు. వద్దులే, వెళ్లకులే అంటే సరిపోదా, ఒక్క మాట, పానా అక్కర్లేని పని. అననీ, అంటే నేనేం చేస్తానో చూద్దాం. అనడు. నా కాలు వణుకుతోంది. నేను అంటే? ఏమని? ఉండమని అడుగు అని నేనే అతన్ని అడగాలా. "ఇడువు" అన్నాడు. వదిలాను. తర్వాత ఉలి పెట్టి నట్టు అంచుని గాడిలోకి కొట్టాడు, ఇక అది దానంతటది ఊడదు. గేర్ ఆయిల్ పోశాడు, కింద టార్చి వేసి కారుతోందేమో చూశాడు. నిన్నటి కుడివైపు నట్టుని కూడా ఇంకోసారి పట్టి చూశాడు.

"రెండు యూటర్న్‌లు కొట్టి రా. చివరిదాంక తిప్పు. సప్పుడొస్తె చెప్పు."

"నువ్వు రావా?" నోరుజారి అనేశాను.

అరచేతులు చూపించాడు. మోచేతుల దాకా నలుపు. "సీట్లకంటుతది. నేను పైకి పోయి కడుక్కుంట. నువ్వు పోయి రా."

గేటు దగ్గర రాజయ్య ట్యాంకర్ పైపు వదిలేసి సలాం కొట్టాడు. "అయిందా మేడం? సగం పని నాదే." నీదే రాజయ్యా అన్నాను. రోడ్డెక్కాను. శనివారం కాబట్టి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ రోడ్లు ఖాళీగా ఉన్నాయి, అద్దాల మేడలు ఎవరూ లేకుండానే ఎండకి మెరుస్తున్నాయి, నానక్‌రామ్‌గూడ మలుపులో షేర్ ఆటోలు మాత్రం ఎప్పటిలాగే రోడ్డుకి అడ్డంగా నిలబడి పేర్లు అరుస్తున్నాయి. మొదటి యూటర్న్. స్టీరింగ్‌ని కుడికి చివరిదాకా తిప్పాను, చెవులు రిక్కించుకుని. ఏమీ లేదు. టైర్లు రోడ్డుని రాసుకున్న చప్పుడు, ఏసీ గాలి, అంతే. మరీ నెమ్మదిగా తిప్పానేమో అని రెండోది కొంచెం వేగంగా తిప్పాను. ఏమీ లేదు. తప్పులు వెతకడం నా పని కాబట్టి ఇంకో యూటర్న్ కూడా తీసుకున్నాను, దానికి అవసరం లేకపోయినా. ఒక్కసారి మోగితే బాగుండునని ఉంది. మోగితే సోమవారం ప్రయాణం కుదరదు, మళ్లీ విప్పాలి, మళ్లీ ఎవరో ఒకరు బ్రేకు తొక్కాలి. మోగలేదు. ఎదురుగా అవుటర్ రింగ్ రోడ్డు బోర్డు, ఆకుపచ్చగా, బాణం గుర్తుతో. ఇప్పుడే అటు పోవచ్చు, బండి ఎంతదూరమైనా పోతుంది, అతనే అలా చేసి ఇచ్చాడు. నాకేమీ అనిపించడం లేదు అనుకున్నాను. అబద్ధం. బెంగగా ఉంది. ఎవరిమీదో కూడా తెలుసు. బోర్డు దాకా పోకుండా వెనక్కి తిప్పాను.

ర్యాంపు మలుపులో అలవాటుగా అద్దాలు ఎక్కించడానికి చెయ్యి పోయింది. అక్కర్లేదని గుర్తొచ్చి దించే ఉంచాను. కారు చప్పుడు లేకుండా దిగిపోయింది. ఎంత చప్పుడు లేకుండా అంటే, ఎవరి కారులోనో ఎవరి ఇంటికో వస్తున్నట్టుంది. అట్టలు మడిచి ఉన్నాయి, నేల మీద మరక లేదు, పాత యాక్సిల్ గోడకి ఆనుకునే ఉంది. లిఫ్టెక్కాను.

తలుపు దగ్గరికి వేసి ఉంది, గడియ లేదు. చెప్పులు విప్పి లోపలికి పోయాను. వంటింట్లో స్టౌ మీద గిన్నె, గిన్నెలో నీళ్లు, నీళ్లలో దంచిన అల్లం. పక్కన లైటరు, రెండు కప్పులు. స్టౌ వెలిగించి లేదు. వంటింటి అవతల బాల్కనీలో కిరణ్ నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు, కడిగిన చేతులు కమ్మీ మీద ఆనించి, తల కొంచెం పక్కకి వంచి. ఏం చేస్తున్నాడో ముందు అర్థం కాలేదు. కింద ఏదో స్కూటర్ ర్యాంపు దిగింది, అతను కదలలేదు. ఇంకేదో కారు దిగింది, కదలలేదు. అతను వింటున్నాడు. నేను వచ్చేశాను, అతని వెనకే నిలబడి ఉన్నాను, అతను ఇంకా కిందికి చెవి పెట్టి నేను రావడం కోసం వింటున్నాడు. వాన రోజు టీ, తలనొప్పి రోజు టీ, నేను ఏ వేళకి తలుపు తీసినా అప్పుడే దించినట్టున్న టీ. రోజూ తప్పులు పట్టే నాకు ఒక్కరోజూ అనుమానం రాలేదు, అంత కచ్చితంగా ఎలా కుదురుతుందని. టకటకమని మోగగానే స్టౌ వెలిగేది. నేను ర్యాంపు దిగి, కారు పెట్టి, లిఫ్టు కోసం ఆగి, పైకొచ్చేసరికి పొంగు వచ్చేది. చేద్దాం, చేద్దాం అంటూ ఏడాది.

ముందు కోపమే వచ్చింది. "కిరణ్" అన్నాను.

ఉలిక్కిపడి తిరిగాడు. "ఎప్పుడొచ్చినవ్? సప్పుడు కాలే."

"ఎలా అవుతుంది? మార్చావుగా."

స్టౌ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అవ్ గదా" అన్నాడు మెల్లిగా.

"ఇందుకేనా ఏడాది మార్చనిది?"

గోరు సందుల్లో మిగిలిన నలుపు చూసుకుంటూ చెప్పాడు. "సల్లారితే నువ్వు తాగవ్."

"పిచ్చా నీకు? టీ కోసం నన్ను అరిగిపోయిన బండిలో తిప్పావా?"

"నెలనెల జూసిన గద మెర్సీ. పాడైతదనిపిస్తే ఆ రోజే మారుస్తుంటి."

అరుద్దామని నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. ఏడుస్తున్నానని తెలియకుండా ఉండడానికి పోయి లైటరు తీసుకుని స్టౌ వెలిగించాను. ఇద్దరం గిన్నెలో నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాం. సోమవారం వెళ్లాలి, బదిలీ అయిపోయింది, వెళ్తాను. నీళ్లు అంచుల దగ్గర చిన్నగా కదలడం మొదలుపెట్టాయి.

"నేను వచ్చేటప్పుడు గేటు దగ్గర్నుంచి ఫోన్ చేస్తాను" అన్నాను.

అతను తలెత్తాడు. ఎప్పుడని అడగలేదు. టీపొడి డబ్బా తీశాడు, మూత రాలేదు, ఇంత పెద్ద నట్టు ఊడదీసిన చేతులకి డబ్బా మూత రావడం లేదు. తీసుకుని నేను తీశాను.

"ఫోనెందుకు?" అన్నాడు, గిన్నెలో టీపొడి వేస్తూ. "ర్యాంపుకాడ హారన్ గొట్టు."

"సెల్లార్లో హారన్ కొట్టకూడదని ఎర్ర బోర్డు ఉంది."

"ఉండనియ్."

"కొడతాను" అన్నాను.